పేరు లేని మడి

అమెరికాలోని పిస్కాటవేలో మన తెలుగువాళ్లు పదిమంది చేరితే పదకొండు సంఘాలు, పన్నెండుమంది అధ్యక్షులు. జగన్మోహన్ గారు అలా మూడింటికి అధ్యక్షత వెలగబెట్టి, రిటైరయ్యాక ఊరి కమ్యూనిటీ గార్డెన్ కమిటీ కుర్చీ కూడా ఎక్కారు. అలాంటి మనిషి ముందు నిలబడి "వీళ్లకి నాయకుడు లేడండీ" అని చెప్పాల్సిన ఖర్మ ప్రమోదకి పట్టింది.

ప్రమోద మట్టి పరీక్షల సైంటిస్టుగా పనిచేసి రిటైరైంది. గార్డెన్‌లో వాగు పక్కన ఎవరికీ అక్కర్లేని బురద పల్లం ఒకటుంటే, పశ్చిమ ఆఫ్రికాలోని గినీ-బిసావు నుంచి వచ్చిన బలాంటా తెగ కుటుంబాలకి దాన్ని ఇప్పించింది ఆవిడే. సముద్రపు ఉప్పునీటిని మట్టిగట్లతో ఆపి, మడ అడవుల్లో వరి పండించిన జాతి వాళ్లది. మనిషిని మించిన పొడుగు చెక్కపారలతో వాళ్లు గట్టు వేస్తుంటే, కోనసీమలో పుట్టిన ప్రమోద కళ్లప్పగించి చూసింది. నాట్లు కూడా పడ్డాయి.

అయితే గార్డెన్‌కి ఒక రూలుంది. ప్రతి మడికీ బాధ్యుడి పేరుతో బోర్డు ఉండాలి. లేదంటే ఆ నేల పికిల్‌బాల్ ఆట కోర్టుకి పోతుంది. ఎవరో ఒకరి పేరు చెప్పమని ప్రమోద అడిగితే అలాంటివాళ్లు తమలో ఎవరూ లేరన్నారు. పెద్దవాళ్లు కూర్చుని మాట్లాడుకుంటారు, అందరూ సరేనంటే పని మొదలు. ఒకడు పైన, మిగతావాళ్లు కింద అన్నది వాళ్ల ఇంటా వంటా లేదు.

బోర్డే కదా, ఏముందిలే అనుకుని, రోజూ ముందొచ్చే దొమింగోస్ పేరు తనే రాసి పాతేసింది ప్రమోద. ఎంత తెలివైన పనో! మర్నాడు దొమింగోస్ రాలేదు. తర్వాత ఎవరూ రాలేదు. నాటిన వరి పసుపు తిరగసాగింది.

ప్రమోద వాళ్లింటికి వెళ్లింది. దొమింగోస్ తల్లి కుంబా తలుపు తీసింది.

"నా కొడుకుని అందరి నెత్తినా ఎక్కించావు. వాడు బయట మొహం ఎలా చూపిస్తాడు?" అందావిడ.

"సారీ అమ్మా, జస్ట్ రూల్ కోసం..."

"పూర్వం పోర్చుగీసువాళ్లూ మీ రాజెవరని అడిగారట. రాజుంటే ఆయన్ని కొనేసి మా అందరినీ బానిసలుగా పడవెక్కించొచ్చు కదా. కొనడానికి ఒక్కడూ దొరక్క నానా అవస్థ పడ్డారు."

ప్రమోదకి సిగ్గేసింది, వెంటనే పట్టుదలా వచ్చింది. తిన్నగా వెళ్లి బోర్డు పీకేసింది. పీకేశానని కుంబాకి ఫోన్ చేసి చెప్పి, కమిటీ ముందు కూర్చుంది.

"రేపు గట్టు తెగితే నేనెవరికి కాల్ చేయాలండీ?" అన్నారు జగన్మోహన్.

"ఎవరికైనా చేయండి. అందరూ వస్తారు."

"చెప్పుకోడానికి బానే ఉంటుంది, ప్రమోద గారూ."

"రాకపోతే నా మడి కూడా కలిపి తీసుకోండి," అంది. ఏళ్ల తరబడి గోంగూర పెంచుకుంటున్న మడి అది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

శనివారం పొద్దున్నే వాన దంచికొట్టింది. వాగు పొంగి గట్టుకి గండి పడింది. జగన్మోహన్ గారు గొడుగేసుకుని వచ్చి చూసి, ప్రమోద ఇచ్చిన నంబర్లలోంచి కావాలనే అందరికంటే చిన్నపిల్లని ఏరి కాల్ చేశారు. నర్సింగ్ చదువుతున్న అమ్మాయి. ఈ పిల్ల మాట ఎవరు వింటారులే అని ఆయన ధీమా.

ప్రమోద ఆదరాబాదరాగా వచ్చేసరికి గేటు దగ్గర వరసగా కార్లు ఆగుతున్నాయి. హాస్పిటల్ యూనిఫాంలోనే ఆ పిల్ల, వెనక ఆడా మగా, భుజాల మీద పారలు. అందరికంటే చివర దొమింగోస్. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఒకరు మట్టి కోస్తే ఇంకొకరు గండిలో వేశారు, ఇంకొకరు తొక్కారు. ప్రమోద కూడా మోకాళ్ల దాకా దిగింది.

"ఇందులో ఇన్‌చార్జ్ ఎవరు?" అని అరిచారు జగన్మోహన్ గారు. కుంబా ఆయన్ని ఎగాదిగా చూసి, చేతిలో గొడుగు లాక్కుని పార పెట్టింది. మూడు సంఘాల అధ్యక్షుడు బూట్లు విప్పాడు.

మధ్యాహ్నానికి గండి పూడింది. సోమవారం ఆ మడి దగ్గర కొత్త బోర్డు కనిపించింది. పేరు ఉండాల్సిన చోట జగన్మోహన్ గారి దస్తూరీలో ఇలా ఉంది: "ఎవరినైనా అడగండి."