సిలార్ అననన్న మాట

దసరా సెలవుల్లో చిలకలూరిపేట దగ్గరి ఒక హైస్కూల్లో టీవీవాళ్లు షూటింగ్ పెట్టారు. పదో తరగతి కుర్రాళ్ల మీద కామెడీ సీరియల్. పెద్ద వేషాలకు నటులు వాళ్ల వెంటే వచ్చారు. బెంచీలు నిండడానికి మాత్రం ఆ బడి పిల్లల్నే తీసుకున్నారు. వాళ్లలో సిలార్ ఒకడు.

ఆర్నెల్లలో సిలార్ జానెడు పొడుగయ్యాడు. ప్యాంటు చీలమండల పైకి పోయింది, గొంతు మారింది. మాట బొంగురుగా మొదలై మధ్యలో కీచుమనేది. అందుకే జవాబు తెలిసినా తెలియదన్నట్టు తలాడించి కూర్చునేవాడు. మొదటిరోజు హాజరు సీనులో "ప్రెజెంట్ సార్" అన్నాడు. సగం ఒక గొంతుతో, సగం ఇంకో గొంతుతో వచ్చింది. కెమెరా పట్టుకున్నవాడు కూడా నవ్వాపుకోలేకపోయాడు. డైరెక్టర్ చైతన్యకృష్ణ వాడి భుజం తట్టి, "రేపు నీకో పెద్ద సీనిస్తా" అన్నాడు. ఆ సాయంత్రం సిలార్ కాళ్లు నేలమీద ఆనలేదు.

మర్నాడు కాగితం చేతికిచ్చారు. తల్లిదండ్రుల మీటింగు సీను. ఒక తల్లి మిరపకాయల పని నుంచి నేరుగా బడికొస్తుంది. ఆ ఘాటుకి గదంతా తుమ్ములు. "ఎవర్రా ఈవిడ?" అని మాస్టారు అడిగితే, కొడుకు బెంచీ కింద దూరి, "మా అమ్మ కాదు సార్" అనాలి.

సిలార్ రెండుసార్లు చదివాడు. వాళ్లమ్మ అమీర్‌బీ ఆపాటికి కోల్డ్ స్టోరేజీలో మిరపకాయలకు తొడిమలు తీస్తూ ఉంటుంది.

"ఇది అననండి."

"సిగ్గేస్తోందా?" అన్నాడు డైరెక్టర్.

"సిగ్గు కాదండి. అనను."

"ఒరేయ్, ఇది యాక్టింగు. మీ అమ్మనేం అంటున్నావు?"

"మా అమ్మ మీటింగుకి అట్టాగే వచ్చిద్దండి. 'మా అమ్మే సార్' అంటాను. అట్టా రాయండి."

"అందులో నవ్వేముందిరా?"

"ఏం లేదండి."

గొంతు కీచుమంది. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. సిలార్ తగ్గలేదు. "నా గొంతుకి ఎంతసేపైనా నవ్వుకోండి. ఇది మాత్రం నా నోట రాదు."

హెడ్మాస్టరు పరుగున వచ్చి, బడి పరువు తీయొద్దని పళ్లు బిగించి చెప్పాడు. డైరెక్టర్‌కి విసుగొచ్చింది. "నిన్నటి సీను కూడా తీసేస్తాను. సీరియల్లో ఎక్కడా కనపడవు. ఆలోచించుకో."

"తీసేయండి."

టీవీవాళ్లు కట్టిన టై విప్పి బెంచీ మీద పెట్టాడు. పక్కనే కూర్చున్న స్నేహితుడు లక్ష్మీకాంత్ చెయ్యెత్తాడు. "నేను చేస్తాను సార్." సిలార్ చూస్తే వాడు చూపు తిప్పుకున్నాడు. వాడి తల్లి పనిచేసేదీ ఆ కోల్డ్ స్టోరేజీలోనే.

సాయంత్రం అమీర్‌బీ మంటపుడుతున్న చేతుల్ని మజ్జిగలో ముంచి కూర్చుని అంతా విన్నది.

"పిచ్చోడా, అనేస్తే పోయేదిగా. ఊరంతా నిన్ను టీవీలో చూసేది."

"అననంటే అననమ్మా."

ఆమె మజ్జిగలోంచి ఒక చెయ్యి తీసి వాసన చూసుకుంది. "అంత ఘాటొచ్చిద్దా నా దగ్గర?"

"వచ్చిద్ది."

"మరి?"

"రానీ."

నెల తర్వాత సీరియల్ వచ్చింది. సిలార్ ఎక్కడా లేడు. లక్ష్మీకాంత్ బెంచీ కింద దూరిన సీనుకి ఊరు ఊరంతా నవ్వింది. "మా అమ్మ కూడా బానే ఉందందిరా" అన్నాడు వాడు మర్నాడు, ఎవరూ అడక్కుండానే. సిలార్ "సరేలే" అని ఊరుకున్నాడు.

సంక్రాంతి ముందు హెడ్మాస్టరు క్లాసుకొచ్చి, టీవీవాళ్లు మళ్లీ వస్తున్నారని చెప్పి, ఎవరెవరు చేస్తారని అడిగాడు. లేచిన చేతుల్లో అన్నిటికన్నా పైకి లేచింది సిలార్‌దే.

"నువ్వా?" అన్నాడాయన.

"నేనేనండి. కాగితం మాత్రం ముందు నాకు చూపించమనండి."