ఇద్దరు పట్టే బాట

సారవ్వ సంచీలో సర్దడానికి పెద్దగా ఏమీ లేవు. రెండు చీరెలు, ఒక దుప్పటి, చనిపోయిన మొగుడి అంగీలు. పక్క క్వార్టరు మల్లక్క ఆ అంగీలను ఎంత దులిపినా బొగ్గు వాసన పోలేదు.

"అవెందుకే, ఇడిసిపెట్టరాదు," అన్నది మల్లక్క.

"ఇంకేమున్నయక్కా నాకు," అన్నది సారవ్వ. సంచీ మూతి కట్టి, జైపూరు బస్సు వచ్చేదాకా దాని మీదే కూర్చుంది.

ఆమె మొగుడు రాయమల్లు మూడో షిఫ్టు చేసి పొద్దున ఇంటికి వస్తుంటే బొగ్గు లారీ వెనకనుంచి గుద్దింది. మల్లక్క పెనిమిటి ఆగయ్య అప్పుడు పక్కనే సైకిలు తొక్కుతున్నాడు. అతని చెయ్యి రాయమల్లు భుజం మీదే ఉంది.

అది గని మనుషుల అలవాటు. రాత్రంతా గనిలో పట్టాల మీది టబ్బులకు బొగ్గెత్తినవాడికి పొద్దుటి ఎండ మొహాన తగలగానే రెప్పలు వాలిపోతాయి. తొక్కుతూ తొక్కుతూనే నిద్రపోతాడు. అందుకని జోడీగా వస్తారు, ఒకడి భుజం మీద ఇంకొకడు చెయ్యి వేసి. ఒకడు తూలితే రెండోవాడు పట్టి గుంజుతాడు. కానీ రోడ్డు ఇరుకు. రోడ్డు నిండా లారీలు.

"గని గేటు బయట జరిగింది, మాకేం సంబంధం? క్వార్టరు ఖాళీ చెయ్యి," అన్నారు ఆఫీసులో. సారవ్వ సంచీ సర్దుకున్నది అందుకే.

బస్సు కదిలింది. మల్లక్కకు ఎవరు గడప దాటినా గుండె దడ. దుమ్ము అణిగినా ఆమె చాలాసేపు అక్కడే నిలబడింది.

ఆ సాయంత్రం సిరాజుద్దీన్ సైకిలు షాపు ముందు జనం కూడారు. సిరాజుద్దీన్ చక్రం బిగిస్తూ మాట్లాడాడు.

"బాట అడుగుదాం భాయ్. సైకిళ్లకు వేరే బాట. లారీలకు రోడ్డున్నది. మనకేమున్నది?"

"నీకు పంక్చర్లున్నయి గద భాయ్," అన్నాడు పోశం. కాసిపేట నుంచి వచ్చి బొగ్గు నింపే ఫిల్లరు పనిలో చేరినవాడు, ఈమధ్యే పెళ్లయినవాడు. అందరూ నవ్వారు. రాయమల్లు పోయాక ఆ వాడలో నవ్వు వినబడడం అదే మొదలు.

అడిగారు. రోడ్ల ఇంజనీరు వచ్చి గేటు ముందు జవాబు చెప్పాడు.

"ప్రజాభిప్రాయం తీసుకున్నాం. సైకిళ్లకు వేరే దారి అక్కర్లేదన్నారు."

"ఎవలన్నరు సార్?"

"అందరూ. లారీల కంట్రాక్టరు, షాపుల సేట్లు, క్లబ్బులో పెద్దమనుషులు."

"సైకిలున్నోన్ని ఒక్కన్నన్న అడిగిన్రా?"

"మేం వచ్చినప్పుడు వాళ్లు డ్యూటీలో ఉన్నారు."

జనం గొల్లుమన్నారు. ఆ రోజు ఎవరూ గనిలోకి దిగలేదు. మర్నాడూ దిగలేదు. బొగ్గు ఆగితే ఆఫీసుల్లో చెవులు పనిచేస్తాయి. మూడో రోజు కూలీలు వచ్చి రోడ్డు అంచున తెల్లరంగుతో గీత గీశారు. గీతకు ఇవతల మూడడుగుల బాట. ఒకడి వెనక ఒకడు పోవాలి, జోడీ బంద్. పక్కపక్కన తొక్కేవాడి టైర్లలో గాలి తీయడానికి ఒక వాచ్‌మన్‌ను కూడా పెట్టారు.

గెలిచామనుకున్నారు. గీత మీద కొబ్బరికాయ కొట్టారు. తప్పు జరిగింది అక్కడే. బాట వచ్చిందన్న సంబరంలో జోడీ పోయిందన్న సంగతి ఎవరికీ పట్టలేదు.

"ఒక్కొక్కలే వస్తే నిద్రల ఎవలు లేపుతరు?" అని అడిగింది మల్లక్క.

"నీకు అన్నిటికీ ఫికరేనాయె. లారీకి దూరం జరిగినం గదా," అన్నాడు ఆగయ్య.

ఎండలు ముదిరిన నెలలో ఒక పొద్దున పోశం ముందు, ఆగయ్య వెనక. పోశం తల వాలడం ఆగయ్య చూశాడు. సైకిలు మెల్లగా కుడికి జరిగింది. గీత మీద అప్పటికే బొగ్గు పొడి పేరుకుపోయి, అక్కడొక గీత ఉందన్న ఆనవాలు కూడా లేదు. "పోశం! అరె పోశం!" అని ఆగయ్య అరిచాడు. లారీ మోతలో ఆ అరుపు ఎక్కడికి చేరుతుంది? చెయ్యి చాచాడు. చెయ్యి అందలేదు.

పోశం శవాన్ని ఎత్తనివ్వలేదు. షిఫ్టు దిగినవాళ్లు, ఎక్కవలసినవాళ్లు, క్వార్టర్ల ఆడవాళ్లు, అందరూ రోడ్డు మీదే కూర్చున్నారు. లారీలు చూపు ఆనినంత దూరం ఆగిపోయాయి. ఇంజనీరు జీపు దిగాడు.

"వాడు గీత దాటాడు. మేమేం చెయ్యగలం?"

"గీత లారీని ఆపుతదా సార్?" మల్లక్క లేచింది. "కట్ట పొయ్యుండ్రి. లారీ ఎక్కలేనంత కట్ట. లోపట ఇద్దరు పక్కపక్కన పట్టాలె. భుజం మీద చెయ్యేసుకొని పోవాలె."

"ఒక సైకిలుకు మూడడుగులు చాలని పుస్తకంలో ఉంది."

"ఆ పుస్తకం రాసినాయన మూడో షిఫ్టు చేసిండా?" అని గుంపులోంచి ఎవరో అరిచారు.

ఇంజనీరు చలించలేదు. "రూలు రూలే," అని జీపెక్కాడు.

యూనియన్ నాయకుడు రాజం చేతులెత్తి అందరినీ ఊరుకోబెట్టాడు. "పైకి మహజరు పంపుదాం. జర ఓపిక పట్టుండ్రి."

"ఓపిక పట్టిన పోశం గిట్ల పన్నడు సూడు," అన్నది మల్లక్క.

అప్పుడు సిరాజుద్దీన్ లేచాడు. "వాళ్లు ప్రజాభిప్రాయం తీసిన్రు గదా. మనం గూడ తీద్దాం. కట్ట కావాలన్నోళ్లు తలా ఒక రాయి తెండ్రి. ఎన్ని రాళ్లో అన్ని ఓట్లు."

ఎంత వెడల్పు ఉండాలన్న ప్రశ్న వచ్చింది. ఆగయ్య తన సైకిలు తెచ్చి రోడ్డు అంచున నిలబెట్టాడు. సిరాజుద్దీన్ పక్కన ఇంకోటి నిలబెట్టి ఆగయ్య భుజం మీద చెయ్యి వేశాడు. "ఇంకింత జరుగు, నీ పొట్ట గూడ పట్టాలె," అన్నాడు ఆగయ్య. పోశం శవం పక్కన ఆ మాటకు కొందరు నవ్వారు, నవ్వుతూనే ఏడ్చారు. వాళ్లిద్దరికీ అవతల మొదటి రాయి పడింది.

తర్వాత రాళ్లకు అంతులేదు. క్వార్టర్ల వెనకనుంచి, కాలవ గట్టునుంచి మోసుకొచ్చారు. ఒక ముసలామె పగిలిన రోలు ముక్కను దొర్లించుకుంటూ వచ్చింది. పోశం భార్య రెండు చేతులా ఒక రాయి ఎత్తుకొచ్చి పెట్టింది. ఆగిన లారీలోంచి ఒక డ్రైవరు దిగాడు. "కేసైతే నా మీదనే, సేటు మీద గాదు," అంటూ తన చక్రాల కింది రాయి తీసి పేర్చాడు. పొద్దు వాలకముందే గేటునుంచి వాడ దాకా మోకాలెత్తు కట్ట నిలిచింది. అప్పుడే శవాన్ని ఎత్తారు. ఆ సాయంత్రం షిఫ్టుకు జనం ఇద్దరిద్దరుగా పోయారు.

కంట్రాక్టరు మనుషులు రాళ్లు తీసేశారు. ఆడవాళ్లు మళ్లీ పేర్చారు. మళ్లీ తీశారు, మళ్లీ పేర్చారు. ఇంతలో దేశంలో ఎమర్జెన్సీ పెట్టారని రేడియో చెప్పింది. ఇక రోడ్డు మీద రాయి పెట్టడం కూడా రాజద్రోహమైంది.

పోలీసు జీపు పట్టపగలే వాడలోకి వచ్చింది. ఆగయ్య డ్యూటీకి తయారవుతున్నాడు.

"కట్ట కట్టించింది నువ్వేనా?"

"నేనొక రాయి పెట్టిన. మిగిలిన రాళ్ల మనుషులు గూడ ఉన్నరు. మీ జీపు సరిపోదు."

చెంప మీద కొట్టి ఎక్కించారు. మల్లక్క జీపు వెనక ఉరికింది. వాడంతా ఉరికింది.

మల్లక్క పోయి అడిగితే, అతన్ని ఎప్పుడో వదిలేశామన్నారు ఠాణాలో. కరీంనగర్‌లో తమ దగ్గరికి రాలేదన్నారు. వరంగల్ జైలు గేటు దగ్గర ఆ పేరే లేదన్నారు. మల్లక్క తిరిగి వచ్చి, మర్నాడు పొద్దున రాయి ఎత్తుకొని రోడ్డు మీదికి పోయింది. ఆమె కంటే ముందే అక్కడ జనం ఉన్నారు. వాచ్‌మన్ వాళ్లను చూసి పక్కకు జరిగాడు.

ఆగయ్య తిరిగి రాలేదు. అతన్ని తీసుకుపోయింది పందొమ్మిది వందల డెబ్బై ఐదు, జూలై నెలలో.