ముడి లేని కుట్టు

ఆదివారం ఉదయం కూతురి స్కూలు కోటు ఇస్త్రీ చేస్తుంటే, లోపలి లైనింగులో ఎవరో కుట్టి దాచిన బిళ్ల ఒకటి ఇస్త్రీపెట్టె కింద టక్కుమని తగిలింది.

ముందు ఏ నాణెమో అనుకుంది ఆమె. జేబు చిరిగి చిల్లర లైనింగులోకి జారడం మామూలే. కానీ జేబు చిరగలేదు. వేలితో తడిమితే బిళ్ల కదల్లేదు. దాని చుట్టూ కుట్టు ఉంది. చిన్న కత్తెరతో నాలుగు కుట్లు తెంపి, రెండు వేళ్లు దూర్చి బయటికి లాగింది. తెల్లగా, నున్నగా, కోటు గుండీ కంటే కాస్త పెద్దగా ఉందది. మధ్యలో ఆవగింజంత దీపం. చూస్తుండగానే ఒక్కసారి పచ్చగా మిణుక్కుమంది.

అదేమిటో ఆమెకు బాగా తెలుసు. ఆమె కారు నడపడం నేర్పే డ్రైవింగ్ స్కూల్లో ప్రతి కారు సీటు కిందా యజమాని అలాంటిదే అంటించాడు. ఏ కారు ఏ సందులో ఉందో ఆయన ఫోన్లో చుక్కలా కనబడుతుంది.

"అమ్మా, ఏంటది?"

వెనక కూతురు. నోట్లో పళ్ల బ్రష్షు, గడ్డం మీద నురగ. పదమూడేళ్ల పిల్ల. రేపు స్కూలు వాళ్లతో రెండు రోజుల విహారయాత్రకి వెళ్తోంది కాబట్టే ఈ ఇస్త్రీ.

దాచేంత వ్యవధి లేదు. పాప బిళ్లని చూసింది, తెగిన లైనింగు చూసింది, తల్లి మొహం చూసింది. బ్రష్షు నోట్లోంచి తీసేసింది.

"ఇది నా కోట్లో ఉందా? నన్ను కనిపెట్టడానికా?"

"నేను పెట్టలేదే!"

"మరి గురువారం నేను లైబ్రరీకి వెళ్లానని నీకెలా తెలిసింది? నేనింకా చెప్పులు విప్పకముందే 'లైబ్రరీలో అంతసేపు ఏం చేశావే' అన్నావు. అప్పుడే అనుమానం వచ్చింది నాకు."

ఆమె నిజంగానే ఆ మాట అంది. ఎలా తెలిసిందో మాత్రం గుర్తు రాలేదు. "నువ్వే ఎప్పుడో చెప్పుంటావు."

"నేను చెప్పలేదు."

పాప విసవిసా వంటింట్లోకి నడిచి, ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతంతో అంటించిన కాగితం లాక్కొచ్చింది. ఆ కాగితం వయసు మూడు నెలలు. పాపకి పదమూడు నిండిన రోజున తల్లీకూతుళ్లిద్దరూ కూర్చుని రాసుకున్న ఒప్పందం అది. 'నీ సంచి వెతకను. నీ వెనక రాను. నీ వెనక ఎవరినీ పంపను. ఇట్లు, అమ్మ.' దాని కింద, 'ఎక్కడికి వెళ్లినా నిజమే చెబుతాను. ఇట్లు, నేను.' అన్నిటికంటే కింద వణుకుతున్న అక్షరాలతో సాక్షి సంతకం, తాతయ్యది.

"సాయంత్రం అయిదింటి దాకా చూస్తాను," అంది పాప. "ఎవరు కుట్టారో తెలిసిందా, సరే. లేదంటే దీన్ని చింపేస్తా. ఇక నేనెక్కడికెళ్లేదీ, ఎవరితో ఉండేదీ నీకు చెప్పను. అడిగినా అబద్ధమే చెబుతా. చెప్పి మరీ అబద్ధాలాడతా."

తలుపు ధడాలున మూసుకుంది.

ఆమె ఇస్త్రీపెట్టె ఆపి, అక్కడే కుర్చీలో కూలబడింది. ఆ పిల్ల అన్నంత పనీ చేస్తుంది. అక్షరాలా తన పోలికే.

తన చిన్నతనం ఆమెకు ఒక పతకం లాంటిది. స్కూల్లో తల్లిదండ్రుల సమావేశం జరిగిన ప్రతిసారీ లేచి నిలబడి చెప్పేది. "మా నాన్న దర్జీ. నాకు తొమ్మిదేళ్లప్పుడు లాయరుగారి కోటు చేతికిచ్చి, ఒంటరిగా ఏడో నంబరు బస్సెక్కించాడు. నేను వేరే స్టాపులో దిగిపోయాను. ఏడుపొక్కటే తక్కువ. ఎవరో ఒకావిడ, ముక్కూమొహం తెలీదు, గొడుగేసుకుని వచ్చి, దారి చూపించి, గేటు దాకా దింపింది. లోకంలో మంచివాళ్లున్నారని ఆ రోజు నేర్చుకున్నాను. మీరేమో పిల్లల్ని గొలుసేసి పెంచుతున్నారు." వినీ వినీ మిగతా తల్లులు ఆమెకి గొడుగావిడ అని పేరు పెట్టారు. పెడితే పెట్టుకోనీ అనుకుంది.

అలాంటి తన ఇంట్లోకే గొలుసు వచ్చి పడింది.

కోటు పట్టుకుని ముందుగదిలోకి వెళ్లింది. అమ్మ పోయాక నాన్న ఈ ఇంటికే వచ్చేశాడు, కుట్టుమిషనుతో సహా. వీధిలో వాళ్ల ప్యాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం ఆయనకి కాలక్షేపం. మెడలో టేపు, నోట్లో గుండుసూదులు.

"నాన్నా, చూడిది. పాప కోట్లో ఎవరో కుట్టారు."

ఆయన కళ్లజోడు సర్దుకుని బిళ్లని చూశాడు గానీ ముట్టుకోలేదు. నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి దిండుకి గుచ్చాడు.

"కాలం అలా ఉందే గుండీ," అన్నాడు. చిన్నప్పట్నుంచీ ఆమె ఆయనకి గుండీయే. మనవరాలు పుట్టినప్పుడు రుమాల్లో పట్టేంత ఉందని దానికి రుమాలని పేరు. "మా రోజుల్లో పిల్లలు పొద్దున పోతే దీపాలు పెట్టే వేళకి వచ్చేవాళ్లు. ఎవడు చూశాడు?"

"అదే కదా! నువ్వు నన్నలా పెంచావు కాబట్టే... ఎవరి పనై ఉంటుందంటావు?"

ఆయన సూదిలోకి దారం ఎక్కించాడు. మొదటిసారి గురి తప్పింది. "కోటు కొనుక్కొచ్చినవాణ్ణి అడగాలి."

కోటు తెచ్చింది ఆమె భర్త.

ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. నిజమే! ఆయన భయస్థుడు. పాప తుమ్మితే థర్మామీటరు తీసే రకం. రెండేళ్ల క్రితం ఇలాంటి బిళ్లే కొందామన్నాడు. ఇంటిల్లిపాదీ వినేలా పోట్లాడి వద్దంది.

భర్తకి మందుల షాపు. ఆదివారాలు మధ్యాహ్నం దాకా తెరిచే ఉంటుంది. ఆమె వెళ్లేసరికి దగ్గు మందు కోసం ఒక ముసలాయన, పసిపిల్లల పౌడరు కోసం ఒకావిడ నిలబడి ఉన్నారు. ఆమె ఆగలేదు. కోటు, బిళ్ల, రెండూ కౌంటరు మీద పెట్టింది.

"ఏవండీ, ఇదేంటో చెప్పండి."

"మందు కాదు," అన్నాడు ఆయన. తర్వాత ఆమె మొహం చూసి నవ్వు మింగేశాడు. "ఎక్కడిది?"

"నటించకండి. పాప కోటు లైనింగులో కుట్టారు. అది నన్ను దొంగని చూసినట్టు చూస్తోంది. సాయంత్రానికి తేల్చకపోతే జన్మలో నాకు నిజం చెప్పనంది."

దగ్గు మందు ముసలాయన దగ్గు కూడా ఆపేసి వింటున్నాడు. భర్త ఆయన చేతిలో సీసా పెట్టి, పౌడరావిణ్ణి "ఒక్క నిమిషమమ్మా" అని బతిమాలి, తన ఫోను తీసి భార్య ముందు పెట్టాడు.

"చూసుకో. అన్నీ తెరిచి చూసుకో. అలాంటిదేదైనా ఉంటే ఈ షాపు షట్టరుకి నన్ను కట్టెయ్."

ఆమె చూసింది. ఏమీ లేదు.

"రెండేళ్ల క్రితం నేను అడిగాను," అన్నాడు ఆయన మెల్లిగా. "నువ్వు వద్దన్నావు. ఊరుకున్నాను. దొంగచాటుగా చేసేవాణ్ణయితే అడుగుతానా? పదిహేనేళ్ల కాపురంలో నీకు నేను అర్థమైంది ఇంతేనా?"

ఆమెకి తల కొట్టేసినట్టయింది. క్షమించమనడానికి నోరు తెరిచింది గానీ, ఆయన అప్పటికే కోటు అందుకుని, మందుల మీద సన్నక్షరాలు చదివే భూతద్దంతో లైనింగు పరీక్షిస్తున్నాడు.

"ఎవరు కుట్టారో గానీ మంచి చెయ్యే. మొదలేదో చివరేదో తెలీడం లేదు. ముడే లేదు చూడు."

"ఏదీ?"

ఆమె కత్తెర తగలని అంచు అలాగే ఉంది. కుట్టు చివర దారం వెనక్కి మూడుసార్లు, ఒకదాని మీద ఒకటి, తిరిగి వచ్చి బట్ట మడతలోకి మాయమైపోయింది. ముడి లేదు.

ముడి లేని కుట్టు. ఆమె చూపు అక్కడే ఆగిపోయింది.

పాత షాపు. మిషను కింద కూర్చుని గుడ్డపీలికలతో ఆడుకుంటున్న తను. పైనుంచి నాన్న గొంతు: "పెద్దాళ్ల బట్టలకి ఎన్ని ముడులైనా వెయ్యొచ్చు గుండీ. పిల్లల బట్టకి వెయ్యకూడదు. ఒంటికి గుచ్చుకుంటుంది. మూడు వెనక్కుట్లు వేసి తోక లోపల దాచెయ్యాలి."

దాని వెనకే ఇంకొకటి గుర్తొచ్చింది. గురువారం సాయంత్రం టీ కప్పు అందిస్తుంటే, "రుమాలు లైబ్రరీ వైపు పోయినట్టుంది, లేటవుతుందిలే" అన్నది కూడా ఆయనే.

"ఏమైంది?" అన్నాడు భర్త.

"ఇంటికొచ్చాక మీ కాళ్లు పట్టుకుంటాను," అని కోటు లాక్కుని బయటపడింది. దారి పొడుగునా ఒకటే మాట అనుకుంది. కాకూడదు. ఎవరైనా కావొచ్చు, నాన్న కాకూడదు. తన పెంపకమంతా ఆయన్ని చూసి కత్తిరించుకున్నదే.

మధ్యాహ్నమంతా అడగడానికి మనసొప్పలేదు; గడువు దగ్గర పడ్డాక, నాలుగున్నరకి ముందుగదిలోకి వెళ్లింది. మొహం మామూలుగా పెట్టుకుంది. పాపని కేకేసి గుమ్మంలో నిలబెట్టింది.

"నాన్నా, రేపు పాప ప్రయాణం. ఈ లైనింగు కాస్త కుట్టి పెడతావా? మిషను వద్దు, చేత్తోనే."

"ఇటు తే." ఆయన కోటు ఒళ్లో వేసుకున్నాడు. సూది చకచకా నడిచింది. డెబ్బై నాలుగేళ్ల చెయ్యి సంతకం పెట్టేప్పుడు వణుకుతుంది గానీ సూది పడితే వణకదు. కొసకి వచ్చాడు. ఒకటి, రెండు, మూడు వెనక్కుట్లు. దారం తోక మడతలోకి దూర్చి, పళ్లతో తెంపాడు.

ఆమె వంగి, ఆ కొస పక్కనే పాత కొస పెట్టింది. కవల పిల్లల్లా ఉన్నాయి.

"ముడి వెయ్యలేదేం నాన్నా?"

"పిల్లల బట్టకి..." అని ఆగిపోయాడు.

పాప గుమ్మంలోంచి ఒక అడుగు లోపలికి వేసింది.

"తాతయ్యా, నువ్వా?" అంది. "సాక్షి సంతకం పెట్టావు కదా!"

"సాక్షినే కదమ్మా. ఒప్పందంలో నా పేరు లేదుగా." నవ్వబోయాడు. ఎవరూ నవ్వలేదు. కూతురి వైపు తిరిగాడు. "మరి నీ కార్లో నీ కాలి కింద రెండో బ్రేకు ఉండదూ? వాళ్లే నడుపుతున్నారనుకుంటారు. నీ కాలు మాత్రం దాని మీదే ఉంటుంది."

"ఉంటుంది. దాన్ని మొదటి రోజే చూపిస్తాను నాన్నా. ఇదిగో బ్రేకు, ఇదిగో నా కాలు అని చెప్పాకే తాళం చేతికిస్తాను." ఆమె ఆయన ఒళ్లోంచి కోటు తీసుకుంది. "పైగా ఆయన మీదకి తోశావు. షాపులో నలుగురి ముందు ఆయన్ని నిలదీశాను. నీకెలా వచ్చింది ఈ బుద్ధి? నువ్వు నన్నిలా పెంచావా? తొమ్మిదేళ్ల దాన్ని ఒంటరిగా బస్సెక్కించినవాడివి నువ్వే కదా? అప్పుడు నాకేమైనా బిళ్ల కుట్టావా?"

ఆయన మెడలో టేపు తీసి మెల్లగా చుట్టచుట్టి మిషను మీద పెట్టాడు.

"ఒంటరిగా ఎప్పుడు పంపానే నిన్ను?"

"అంటే?"

"ఆ రోజు నిన్ను బస్సెక్కించాను. బస్సు కదిలింది. నాకు నిలవబుద్ధి కాలేదు. షాపుకి తాళం కూడా వెయ్యకుండా సైకిలెక్కాను. స్టాపు స్టాపుకీ బస్సు ఆగుతుంది కాబట్టి అందుకోగలిగాను. నువ్వు రెండు స్టాపులు ముందే దిగేశావు. గోడవార నిలబడి, కోటు గుండెలకి హత్తుకుని, పెదవి కొరుక్కున్నావు. నేను అవతలి పక్క లారీ చాటున ఉన్నాను. పరిగెత్తుకొచ్చి ఎత్తుకుందామనిపించింది. వస్తే ఇక నీకు ధైర్యం రాదని ఆగాను. అప్పుడే ఒకావిడ గొడుగేసుకుని పోతుంటే చేతులు పట్టుకున్నాను. 'అమ్మా, అది నా కూతురు. లాయరుగారి ఇంటి దాకా దింపు. నేను చెప్పానని మాత్రం చెప్పకు' అని."

ఆమె మిషను అంచు పట్టుకుంది. "గొడుగావిడని... నువ్వు పంపావా?"

"నేనే పంపాను. ఆ ఒక్కసారే కాదు. నువ్వు ఈతకి పోతే గట్టు అవతల ఉన్నాను. సినిమాకి పోతే ఆఖరి వరసలో ఉన్నాను. కాలేజీ మొదటి ఏడు దాకా వచ్చాను గుండీ. నువ్వొక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తావేమోనని రోజూ భయం. చూడనందుకు రోజూ గర్వం. పెద్దయ్యాక 'మా నాన్న నన్ను నమ్మి వదిలేశాడు' అని అందరికీ చెప్పుకుంటుంటే, నీ మొహం చూసి నోరు మెదపలేకపోయాను. అల్లుడి మీదకి తోసిందీ నేనే. తప్పే. ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి వచ్చిన సెల్‌ఫోన్ షాపతను బిళ్ల తెచ్చిచ్చి, నా ఫోన్లో చుక్క ఎలా చూడాలో నేర్పాడు. రుమాలు స్కూల్లో ఉందా, లైబ్రరీలో ఉందా అని పొద్దస్తమానం చూస్తూనే ఉన్నాను. ఏం చెయ్యమంటావు? అప్పుడు సైకిలుండేది, తొక్కే మోకాళ్లుండేవి. ఇప్పుడు ఈ గుమ్మం మెట్లే దిగలేను. అందుకని కుట్టాను. నేనే కుట్టాను."