ఎడమ పక్క జాగా

అలిపిరి నుంచి చెర్లోపల్లె వైపు పోయే దారిలో, కొండకు ఆనుకుని హరినాథ్ వాళ్ళ మామిడి తోపు ఉండేది. తాత నాటాడు, నాయన నారాయణ నీళ్ళు కట్టాడు, హరినాథ్ కొట్టేయించాడు. రెండు వేల నాలుగు ప్రాంతంలో తిరుపతిలోని డబ్బున్నవాళ్ళకందరికీ ఒక్కసారిగా కొండగాలి మీద మనసు పోయింది. రథం వీధి పక్కన తాతలిచ్చిన మిద్దెలు ఇరుకైపోయాయి. డాక్టర్లకు, కాంట్రాక్టర్లకు, లాడ్జీల యజమానులకు కిటికీ తీస్తే కొండ కనపడాలి. కనపడే నేల హరినాథ్‌కు ఊరికే వచ్చింది. చెమట చుక్క కార్చకుండా ఆస్తి వచ్చిపడితే మనిషి ఎంత తెలివైనవాడిలా కనిపిస్తాడో అతన్ని చూస్తే తెలిసేది.

తోపును చదును చేసి, చుట్టూ ఎత్తుగా గోడ లేపి, గేటు పెట్టి, లోపల పెద్ద పెద్ద ఇళ్ళు కట్టించాడు. ఒక్కటే అడ్డం. నాయన సమాధి. వాళ్ళ వంశంలో పెద్దవాళ్ళను కాల్చరు. సొంత నేలలో మట్టి చేసి, పైన రాతికట్ట కట్టి, దీపానికి ఒక గూడు పెడతారు. మొగుడు ముందు పోతే పెళ్ళానికి ఎడమ పక్కన జాగా వదులుతారు. అలాగే వదిలారు. హరినాథ్ తల్లి ఆదిలక్ష్మమ్మ ఇళ్ళ పని మొదలయ్యేదాకా ఆ జాగాను తనే ఊడ్చి, నీళ్ళు చల్లి వచ్చేది.

ఇల్లు చూడడానికి మొదట వచ్చింది ఒక డాక్టరు, ఆయన భార్య ప్రసన్నకుమారి. "అదేంటండీ, సమాధా?" అని ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది. బేరం చేజారిపోతుందని హరినాథ్ ఒక్క అంగలో ముందుకొచ్చాడు. నోటికి వచ్చింది అనేశాడు.

"అయ్యో, కాదండీ. గంగమ్మ కట్ట. మా తాతల కాలం నుంచి ఉండాది. శానా సత్యమైన తల్లి."

ఆవిడ చెప్పులు విప్పి దండం పెట్టుకుంది. ఆ ఎదురిల్లే కొన్నారు. మర్నాడే హరినాథ్ నాయన పేరు చెక్కిన రాతిపలకను కట్ట నుంచి ఊడదీయించి, గోనెపట్టాలో చుట్టి తన కొత్త ఇంటి మెట్ల కింద పెట్టించాడు. సమాధులున్న చోట ఇళ్ళు కొనేవాడెవడు? అమ్మవారున్న చోటైతే ఎగబడి కొంటారు. కొన్నారు కూడా.

ఆదిలక్ష్మమ్మ ఆ కొత్త ఇంటికి సంతోషంగానే వచ్చింది, మొగుడికి దగ్గరగా ఉంటానని. వచ్చిన శుక్రవారమే చూసింది. కట్టకు పసుపు పూసి, కుంకుమ పెట్టి, ఎర్రంచు చీర చుట్టి, గాజులు వేలాడదీశారు. ఆడవాళ్ళు ప్రదక్షిణాలు చేస్తున్నారు. ఆమె కొడుకు వైపు తిరిగింది.

"మీ నాయనకి చీర కట్టినారేంరా?"

హరినాథ్ ఆమెను లోపలికి లాక్కుపోయి, గొంతు తగ్గించి అంతా చెప్పాడు. "ఎవురికీ చెప్పొద్దు మా. నీకు దండం పెడతా."

 ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "గంగమ్మ జాతరలో ఆడేసం కడతావని మొక్కుకున్నా, కట్టయ్యా అంటే, సచ్చినా కట్టనన్నాడు. సచ్చినాక కట్టినాడు సూడు!" నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. అప్పుడు అడిగింది. "సరే హరీ, నన్ను ఆయన పక్కన పెట్టేటప్పుడు ఈళ్ళకి ఏం చెప్తావు?"

"అప్పుడు సూసుకుందాంలే మా."

"ఎడమ పక్క నాది నాయనా. నాకు ఇంకేమీ వద్దు."

రెండేళ్ళకు, వానల్లో, జ్వరం వచ్చి ఆమె పోయింది. పూతలపట్టు నుంచి చిన్నాయన జయరామ్ దిగీ దిగగానే, "గుంత తవ్వేదానికి మనుషులకి చెప్పినావా?" అన్నాడు.

హరినాథ్ నేల చూపులు చూశాడు. "టౌన్లో శ్మశానానికి తీసకపోదాం చిన్నాయనా."

"కాలుస్తావా? మీ యమ్మనా?" ముసలాయన గొంతు లేచింది. "మనింట్లో ఎవుర్నన్నా కాల్చినామంట్రా? మీ నాయన పక్కన జాగా పెట్టుకోని..."

"ఇంకా ఏడిండ్లు అమ్మాల. ఈడ పీనుగను పూడిస్తే అది సమాధని అందరికీ తెలిసిపోతాది. కొన్నోళ్ళు నా గొంతు పట్టుకుంటారు. ఆ ఏడింట్లో రెండు నీ వాటా కదా చిన్నాయనా."

జయరామ్ నోరు తెరిచాడు. వాన నీటిలో తడుస్తున్న తన రెండిళ్ళ వైపు చూశాడు. తెరిచిన నోరు మూసుకున్నాడు. ఆ తర్వాత ఆయన ఏడ్చిన ఏడుపు వదిన కోసమే అని అందరూ అనుకున్నారు.

ఆదిలక్ష్మమ్మను కాల్చారు. బూడిదను స్వర్ణముఖిలో కలిపారు. కలిపేటప్పుడు హరినాథ్ ఎవరూ చూడకుండా పిడికెడు తీసి గుడ్డలో మూటకట్టుకున్నాడు. ఆ మాత్రమైనా ఎడమ పక్కన పాతిపెడితే అమ్మ మాట నిలబెట్టినట్టే అనుకున్నాడు. కర్మలన్నీ అయ్యాక ఒక సాయంత్రం ఆ మూట జేబులో వేసుకుని కట్ట దగ్గరకు వెళ్ళాడు. ఆడవాళ్ళు దీపాలు పెడుతున్నారు. ప్రసన్నకుమారి గబగబా ఎదురొచ్చి చెయ్యి అడ్డం పెట్టింది.

"హరినాథ్ గారూ, ఏటిసూతకంలో ఉన్నారు కదండీ. అమ్మవారి దగ్గరకి రాకూడదు. ఏడాది ఆగండి. మీ అమ్మగారి పేరున దీపం మేము పెడతాం."

అది మా నాయన సమాధమ్మా, అమ్మవారు కాదు. ఆ ఒక్క మాట అతని గొంతు దాకా వచ్చింది.

"మర్చిపోయినానండీ," అన్నాడు.

"ఇంకో మాటండీ. ఆ ఎడమ పక్క ఖాళీగా పడుంది కదా, పొంగళ్ళు పెట్టుకోడానికి పొయ్యిలు కట్టిద్దామని అందరూ అంటున్నారు. మీ స్థలమే కాబట్టి అడుగుతున్నా."

అందరూ అతని వైపు చూశారు. ఎంత మంచి ముఖాలు! ఒక్కరి ముఖంలోనూ కపటం లేదు. ఉన్నదంతా అతని దగ్గరే ఉంది.

"కట్టించండి," అన్నాడు.

ఇంటికి వచ్చి మెట్ల కింద దూరాడు. కారు తుడిచే గుడ్డలు పక్కకు నెట్టి గోనెపట్టా విప్పాడు. పలక మీద నాయన పేరు చెక్కుచెదరకుండా ఉంది. ఆ పేరుకు ఎడమ పక్కన మూట పెట్టాడు. పలక వంపుగా ఆనించి ఉండడంతో అది జారి కిందపడింది. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ జారింది. చేత్తో అదిమి పట్టుకుని, పిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.