కర్రెడికి వేసిన రొట్టె

నిజాం పోయాడు గానీ కేతేపల్లి దిక్కు దొరలు పోలేదు. మిలిటరీ వెనకాలే గడీల్లోకి తిరిగొచ్చారు. సంఘంలో చేరి దొరల మీద నోరు చేసుకున్న కాటమయ్య దేవరకొండ అవతల గుట్ట మీది కురుమల గూడెం చేరి, గొర్లకాపరి ఐలేశం ఇంట్లో గుట్టుగా తలదాచుకున్నాడు. తల దాగింది, నోరు దాగలేదు. అతని మాటలకు గూడెమంతా నవ్వేది, ఒక్క కర్రెడు తప్ప.

కర్రెడు ఐలేశం మంద కుక్క. కొత్త మనిషి కదిలితే చాలు, గుట్ట దద్దరిల్లేలా మొరిగేది.

"దానికి నువ్వు తిండి వెయ్యకన్నా," అని ఐలేశం భార్య బక్కమ్మ మొదటి పూటే చెప్పింది. "మంద కుక్క ఇంటోళ్ల చేతి కూడే తినాలె. పరాయి చెయ్యి మరిగితే కావలి చెడ్తది."

కాటమయ్య తలూపాడు. కానీ చెంబు పట్టుకుని బండల చాటుకు పోయినా కుక్క వెంటబడి ఊరేగింపు తీస్తుంటే ఎంతకని ఓర్చుకుంటాడు? తన జొన్నరొట్టెలో ముక్క తుంచి విసిరాడు. మర్నాడు ఇంకో ముక్క. కొన్నాళ్లకు కర్రెడు అతన్ని చూసి తోకాడించసాగింది. మొరిగే నోటిని మరిగించానని కాటమయ్య లోలోపల మురిసిపోయాడు.

ఒక పొద్దున అతను బండల చాటున ఉండగా దొర మనుషులు గుట్టెక్కారు. ముందున్నవాడు రొట్టెముక్క విసిరాడు. కర్రెడు చప్పుడు చేయకుండా తింది. ఐలేశం మంచం మీదే దొరికిపోయాడు. కాటమయ్య ఏడని అడిగారు. చెప్పనందుకు కుడిచెయ్యి విరగ్గొట్టి పోయారు. బండల సందులోంచి అంతా చూస్తూనే ఉన్నాడు కాటమయ్య. బయటికి మాత్రం రాలేదు.

సాయంత్రం ఐలేశం ఎడమచేత్తో కర్రెడి మెడకు తాడు బిగించాడు. కావలి తప్పిన కుక్కను గూడెంలో బతకనియ్యరు.

"పిల్ల లెక్క సాకిన. నన్నే పట్టిచ్చింది," అన్నాడు.

కాటమయ్య వెళ్లి తాడు పట్టుకున్నాడు.

"దానికి పరాయి చెయ్యి మరిగించింది నేనే, ఐలేశం."

ఐలేశం అతని చేతి వంకే చూస్తూ నిలబడ్డాడు.

"మరి గీ తాడు ఎవల మెడకెయ్యాలె, చెప్పన్నా."

జవాబు కోసం ఆగలేదు. తాడు వదిలేసి లోపలికి పోయాడు.

ఆ పూట కూడా బక్కమ్మ కాటమయ్యకు రొట్టె పెట్టింది, ఎప్పటికన్నా ఒకటి ఎక్కువే. తిడితే ముద్ద దిగేదేమో. తిట్టలేదు. కర్రెడు మెడలో తాడుతోనే వచ్చి ఎదురుగా కూర్చుంది. కాటమయ్య అటు తిరిగాడు. అదీ అటే వచ్చి, అతని చేతి వంకే చూస్తూ కూర్చుంది.