నీలవేణి జాకెట్టు

బుధవారం మధ్యాహ్నం ముసలావిడ దుకాణం మెట్టెక్కేసరికి రేవతి మంచి ఊపులో ఉంది. 'ఏడుమెట్ల ఇల్లు' సీరియల్లో నీలవేణి చచ్చి అప్పటికి మూడు రోజులు. లారీ గుద్దేసింది. చంపించింది మాత్రం తానేనని రేవతి నమ్మకం.

అలా నమ్మడానికి కారణం లేకపోలేదు. చోడవరం బస్సు కాంప్లెక్సు వెనక సందులో రేవతి జాకెట్లు కుడుతుంది. కుడుతూనే సీరియళ్ళని చీల్చి చెండాడుతుంది. ఫోన్‌ని మిషన్ పక్కన నిలబెట్టి, మొహం పడకుండా చేతులూ గుడ్డా మాత్రమే చూపిస్తూ మాట్లాడుతుంది. ఆ యూట్యూబ్ చానెల్ పేరు 'కుట్టుమిషన్ కబుర్లు'. నలభై వేలమంది చందాదారులు. రెండు నెలలుగా అందులో ఒకటే గోల: అత్తని మెట్ల మీంచి తోసేసిన నీలవేణిని ఇంకా ఎందుకు బతకనిస్తన్నారు? ఇటు చూస్తే, ఊళ్ళో ఆడవాళ్ళందరికీ కావలసింది నీలవేణి వేసుకునే జాకెట్టే. భుజం మీద కుచ్చులు, వీపున ఆకులా కోత. నోటితో తిట్టింది తిట్టినట్టే, చేత్తో కుట్టింది కుట్టినట్టే.

ముసలావిడ పేరు అచ్చియ్యమ్మ. బుచ్చయ్యపేట నుంచి బస్సులో వచ్చింది. కుడి మోకాలికి పట్టీ. సంచిలోంచి ఆకుపచ్చ పట్టుగుడ్డ, కొలతకి పాత ఆది జాకెట్టు తీసి బల్ల మీద పెట్టింది.

"నీలవేణి జాకెట్టు మీరే బాగా కుడతారంట కదమ్మా. ఆదివారానికి కావాల. సోమారం మా గుంట హైదరాబాదులో ఏసుకోవాల."

"పెళ్ళా అమ్మా?"

"పెళ్ళెక్కడిది తల్లీ! కొత్త సీరియల్ వోళ్ళు పిలిచేరు. ఆ నీలవేణి ఏసం కట్టింది నా కూతురు ప్రత్యూషే. ఆ జాకెట్లన్నీ కంపెనీ వోళ్ళు తీసేసుకున్నారు. దానికి సొంతానికి ఒకటైనా ఉండాలని."

రేవతి ఆది జాకెట్టు నడుము కొలుస్తోంది. అంకె మరిచిపోయి మళ్ళీ మొదట్నుంచి కొలిచింది.

"ఇస్తారో ఇవ్వరో," అంది అచ్చియ్యమ్మ. "జనాన్ని తోసేస్తావట కదా, అని దాన్ని ఫోన్లోనే అడిగేరట. ఎవతో వీడియోలో సెప్పిందట. అనకాపల్లిలో చీరల షాపు ఓపెనింగుకి ఎల్లినప్పుడు ఎవరో ముసిల్దాన్ని మెట్ల మీద తోసేసిందని. కళ్ళారా సూసేనని ఒట్టేసి మరీ సెప్పిందట."

ఆ ఎవతో రేవతే.

చూసిన మాట నిజం. ఆ రోజు జనం వెనకాల మునివేళ్ళ మీద నిలబడి చూసింది. తలల సందుల్లోంచి కనపడిందల్లా ఒకటే: ప్రత్యూష చెయ్యి ఓ ముసలావిడ భుజం మీద పడింది, ఆవిడ మెట్ల మీద వంగిపోయింది. అంతే. మిగతాది సీరియల్లోంచి తెచ్చి అతికించుకుంది. సాయంత్రం వీడియో తీసేటప్పుడు ఒక్క క్షణం అనుమానం వచ్చింది కూడా. ఆ చెయ్యి నెట్టిందా, పట్టుకుందా? కానీ 'తోసేసింది' అనే మాట నోటి చివర సిద్ధంగా ఉంది. ఆ వీడియో రెండు లక్షలమంది చూశారు. నెల తిరక్కుండానే సీరియల్లోకి లారీ వచ్చింది.

"ఆ ముసిల్ది ఎవరో తెల్సా తల్లీ?"

రేవతి తల అడ్డంగా ఊపింది.

"నేనే. మోకాలు మడతడిపోయింది. మా గుంట ఒడిసి పట్టుకోకపోతే ఆ మెట్ల మీదే నా పని అయిపోయేది." అచ్చియ్యమ్మ జాకెట్టు చెయ్యి పైకి లాగి చూపించింది. "ఇక్కడ. వారం దినాలు దాని సేతి ఏళ్ళ గుర్తులు ఉండిపోయేయి. అంత గట్టిగా పట్టుకుంది."

అక్కడిప్పుడు ఏ గుర్తూ లేదు. రేవతి అయినా ఆ చేతినే చూస్తూ ఉండిపోయింది.

"ఏటమ్మా, మాటాడవేటి?"

"జలుబు," అంది రేవతి, వీడియోలో గొంతని గుర్తుపడుతుందేమోనని గొంతు మార్చి.

ఆవిడ బస్సు అందుకోడానికి కుంటుకుంటూ వెళ్ళిపోయింది.

సాయంత్రం రేవతి అంతా చెబితే మొగుడు గౌరీశంకర్ తేలిగ్గా తీసిపారేశాడు.

"నువ్వేటి కావాలని సేసేవా? ఆ వీడియో పీకెయ్. అయిపోతాది."

"పీకేస్తే నేను అబద్ధమాడేనని ఎవరికి తెలుస్తాది?"

"ఎవరికీ తెల్దు. అదే కదా నేను సెప్పేది!"

"ఆ గుంటకి సోమారం ఏసం పోతాది."

"నీకు చానెల్ పోతాది. దాన్ని సూసే కదా ఇంతమంది గుడ్డలు తెస్తన్నారు."

రేవతి గురువారం గుడ్డ కత్తిరించింది. శుక్రవారం కుచ్చులు పోసింది. ఫోన్ తియ్యలేదు. 'అక్కా, ఈ రోజు కబుర్లు లేవా?' అని కామెంట్లు వస్తూనే ఉన్నాయి. చేతులు ఎక్కించేటప్పుడు మాత్రం దారం మూడుసార్లు తెగింది. ఆ జబ్బ కొలత చాలా చిన్నది. ఇంత సన్నటి చేత్తోనా అంత మనిషిని పడకుండా ఆపింది?

శనివారం పొద్దున్న ఫోన్‌ని మిషన్ పక్కన నిలబెట్టింది. కింద దారపు పెట్టె పెట్టి జానెడు ఎత్తు లేపింది. మొదటిసారి మొహం పడింది.

"నా పేరు రేవతి. మాది చోడవరం. అనకాపల్లిలో ప్రత్యూష ఎవర్నీ తోసెయ్యలేదు. పడిపోతన్న వాళ్ళమ్మని పట్టుకుంది. నేను సరిగ్గా సూడలేదు. సూసేనని ఒట్టేసేను. తప్పు నాది."

కామెంట్లు ఈగల్లా ముసిరాయి. 'నీలవేణి నీకు చుట్టమా?' 'మొహం బానే ఉందిలే, మాటే మారింది.' 'నిన్నూ కొనేసేరేటి?' రాత్రయ్యేసరికి చూసినవాళ్ళు తొమ్మిది వందలమంది. పాతదాని కింద రెండు లక్షలు అలాగే ఉన్నాయి. దాన్ని పీకలేదు. పైన 'ఇది అబద్ధం' అని రాసి, కొత్త వీడియో లింకు పెట్టింది.

ఆదివారం అచ్చియ్యమ్మ వచ్చింది. ముక్కాలి పీట మీద కూర్చుని, జాకెట్టు తిరగేసి కుట్లు చూస్తోంది.

"అమ్మా," అంది రేవతి. "ఆ ఎవతో నేనే."

"తెల్సు. రాత్రి మా గుంట సూపించింది."

"ఏటందమ్మా?"

"ఏటీ అన్లేదు. రెండుసార్లు సూసింది. దాన్ని కొత్త సీరియల్ వోళ్ళకి పంపింది. రేపు రమ్మన్నారు, అంతే. ఏసం ఇచ్చినప్పుడు మాట." ఆవిడ జాకెట్టు బల్ల మీద పెట్టింది. "సేతులు కొంచెం ఒదులు పెట్టమంది."

కుట్టు లోపల అరంగుళం గుడ్డ వదిలే ఉంచింది రేవతి. తల వంచుకుని కుట్లు విప్పి, మళ్ళీ వేసింది. దారం తెంపుతూ అడిగింది.

"కొత్త ఏసం ఏటమ్మా?"

"మళ్ళీ కోడలే. ఈసారి అత్తకి ఇసం పెడతాదట. కళ్ళారా సూసేనని సెప్పకే తల్లీ."

రేవతి నవ్వబోయింది. అచ్చియ్యమ్మ నవ్వడం లేదు.

ఆవిడ జాకెట్టుని సంచిలో పెట్టుకుని లేచింది. దుకాణం మెట్టు దగ్గర మోకాలు తడబడింది. రేవతి గబుక్కున చెయ్యి అందించింది.

అచ్చియ్యమ్మ ఆ చేతిని ఓసారి చూసి, తలుపు చెక్క పట్టుకుని దిగింది.