కాల్విన్ గదిలోకి వస్తే

బంగాళాదుంపల తురుము గుడ్డలో కట్టి పిండుతున్నాను. నాకూ కాల్విన్‌కీ పెళ్ళయిన చలికాలపు మంచు ఇంకా కరగనేలేదు. కాల్విన్ ఇంట్లో ఉంటే పిండే పని తనదే అంటాడు. మోచేతుల దాకా తడిసి, నా ముక్కుకి తురుము అంటించి నవ్వుతాడు. ఆ నవ్వుకి నాకు పిచ్చి సంతోషం. ఇవాళ అతనింకా రాలేదు. స్పీకర్ పెట్టిన ఫోన్లో అమ్మమ్మ ఉంది.

"దుంప ఉండల మధ్యలో ఉప్పుమాంసం పెడుతున్నావా మిలెన్, మొగుడి మురిపెంలో మర్చిపోయావా?"

"పెడుతున్నానే, అమ్మమ్మా!"

తలుపు తెరుచుకుంది. కాల్విన్‌ని చూడగానే నా నోరు దానంతటదే ఇంగ్లీషులోకి తిరిగింది. అవతల అమ్మమ్మ కూడా తడబడుతూ "హలో కాల్విన్... గుడ్... గుడ్" అని, ఇంకేమీ మాటలు దొరక్క ఫోన్ పెట్టేసింది. ఈ మంక్టన్ ఊరి చుట్టుపక్కల మా ఫ్రెంచివాళ్ళందరం ఇంతే. బల్ల చుట్టూ ఎంతమందిమి ఉన్నా, ఒక్క ఇంగ్లీషు మనిషి వచ్చాడంటే మాట మార్చేస్తాం. దానికి మర్యాద అని పేరు పెట్టుకున్నాం.

"మీవాళ్ళెంత మంచివాళ్ళమ్మా, మమ్మల్ని అసలు ఇబ్బంది పెట్టరు" అని అత్తగారు మెచ్చుకుంటుంది. ఆఫీసులో "నీకు రెండూ వచ్చుగా, చిన్న పనేలే" అంటూ ఫ్రెంచి ఉత్తరాలన్నీ నా బల్లమీదే పడేస్తారు. జీతం మాత్రం ఒక్క భాషకే. కొన్నాళ్ళుగా ఉన్నట్టుండి గుండెదడ, చేతులు చల్లబడిపోవడం. కొత్త పెళ్ళికూతురికి దిగులేమిటని నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. క్లినిక్‌లో ఫ్రెంచి మాట్లాడే కౌన్సెలర్ కావాలంటే వేసవి దాకా ఆగాలన్నారు, ఇంగ్లీషైతే వెంటనే. ఇంగ్లీషావిడ దగ్గరికే వెళ్ళాను. అంతా చక్కగా చెప్పాను, మధ్యలో జోకులు కూడా వేశాను. "బాగానే నెట్టుకొస్తున్నారు" అందావిడ. బయటికొచ్చి కారెక్కితే, నా సంగతి కాక ఎవరో పక్కింటావిడ సంగతి చెప్పొచ్చినట్టనిపించింది.

"అమ్మమ్మ అప్పుడే పెట్టేసిందేం?" అన్నాడు కాల్విన్, కోటు విప్పుతూ.

పనుందట, అనబోయాను ఇంగ్లీషులో. అనకుండా, చేతిలోని గుడ్డ పక్కన పెట్టేశాను.

"నాకు బాగాలేదు" అన్నాను, ఫ్రెంచిలో. "చాలా రోజులుగా బాగాలేదు. ఫ్రెంచి కౌన్సెలర్ కోసం వేసవి దాకా ఆగుతాను. కానీ నా మాటల్లోనే చెప్పుకుంటాను." అప్పుడొచ్చింది ఏడుపు.

అతను అలవాటుగా నవ్వబోయి, నా కన్నీళ్ళు చూసి ఆగాడు. "బంగారం, ఇంగ్లీషులో చెప్పవా? నాకు ఫ్రెంచి అంతంతమాత్రమేగా."

తల అడ్డంగా ఊపాను.

అతను కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూచున్నాడు. "సరే. మళ్ళీ చెప్పు. మెల్లగా."

మళ్ళీ చెప్పాను, ఫ్రెంచిలోనే, మెల్లగా. అర్థం చేసుకునే పని మాత్రం అతనికి వదిలేశాను.